పాత ఇంటి కాంక్రీట్ గచ్చుకి స్టెయిన్, సీలర్ వేయొచ్చా? డబ్బా కొనకముందే చూసుకోవాల్సినవి

ప్రశ్న: ఇల్లు కట్టి నలభై ఏళ్లు దాటింది. కార్పెట్, దాని కింది పాత టైల్స్ ఊడదీస్తే కాంక్రీట్ గచ్చు బయటపడింది. అక్కడక్కడా జిగురు మరకలు, మేకుల బొక్కలు, రెండు మూడు అతుకులు ఉన్నాయి. మళ్లీ టైల్స్ వేయించకుండా దీనికే స్టెయిన్ కొట్టి సీలర్ వేస్తే సరిపోతుందా? యాసిడ్ స్టెయిన్ తీసుకోవాలా, వాటర్ స్టెయినా?

జవాబు: వేయొచ్చు. స్టెయిన్ అంటే గచ్చులోకి ఇంకి ఛాయనిచ్చే ద్రవం, సీలర్ అంటే దానికి కాపుగా వేసే పూత. అయితే షాపులో చూపించే రంగుల కార్డుని నమ్ముకుని మొదలుపెట్టకండి. కొత్త గచ్చు మీద ఏ రంగు వస్తుందో ఆ కార్డు చెబుతుంది. పాత గచ్చు మీద రంగు ఎలా తేలుతుందో తేల్చేది ఇన్నేళ్లలో దాని మీద పడినవి, కింద నుంచి పైకి వచ్చే చెమ్మ. అందుకే స్టెయిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పరీక్షలు.

ఇంకా ముందు ఒక హెచ్చరిక. ఊడదీసిన టైల్స్ 9 అంగుళాల చదరాలై, కింద నల్లటి తారు లాంటి జిగురు ఉంటే, ఆ టైల్స్‌లోనో జిగురులోనో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఖనిజపు నార) ఉండే అవకాశం ఉంది. 1980లకు ముందు వేసిన వాటిలో ఇది మామూలే. చూపుతో తేల్చలేం, చిన్న ముక్కని ల్యాబ్‌కి పంపాలి. ఫలితం వచ్చేదాకా గ్రైండర్ పెట్టకండి, గరుకు కాగితంతో రుద్దకండి, పొడిగా గీకకండి, ఊడ్చకండి కూడా. ఉందని తేలితే ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. పాత పెయింట్ ఉంటే దానిలో సీసం ఉందేమో కూడా ఇలాగే చూపించుకోండి.

ఇక చెమ్మ. పాత ఇళ్లలో చాలా వాటికి గచ్చు కింద ప్లాస్టిక్ షీటు వేసి ఉండరు. నేలలోని చెమ్మ ఆవిరై ఎప్పుడూ పైకి వస్తూనే ఉంటుంది. కార్పెట్ ఉన్నన్నాళ్లూ అది గాలిలో కలిసిపోయేది కాబట్టి తెలిసేది కాదు. మీరు సీలర్‌తో మూత పెట్టగానే బయటపడుతుంది. ఒకటిన్నర అడుగుల చదరం మందపాటి ప్లాస్టిక్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయండి. ఎండ తగలని చోట పెట్టాలి. తీసినప్పుడు ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బిందువులు పట్టినా, ఆ చదరం చుట్టుపక్కల కంటే నల్లగా కనిపించినా చెమ్మ ఉన్నట్టే. గోడ వారన ఒకటి, మధ్యలో ఒకటి, స్నానాల గది వైపు ఒకటి, ఇలా మూడు నాలుగు చోట్ల చేయండి. ఇది ఉందా లేదా అని చెబుతుందే గానీ ఎంత ఉందో చెప్పదు. పైగా ఆ రోజు ఏమీ కనిపించనంత మాత్రాన వానాకాలంలోనూ పొడిగానే ఉంటుందని కాదు. ఎపాక్సీ లాంటి ఖరీదైన పూత వేసే ఆలోచన ఉంటే, గచ్చు మందంలో 40 శాతం లోతుకి రంధ్రం చేసి తేమ కొలిచే ప్రోబ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. గోడ వారన తెల్లటి ఉప్పు పొడి కనిపిస్తుంటే మాత్రం ఏ పరీక్షా అక్కర్లేదు, చెమ్మ ఉన్నట్టే.

రెండోది నీటి చుక్కల పరీక్ష. గది అంతా మూడు నాలుగు అడుగులకొక చోట కాసిని నీళ్లు చల్లండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇంకి ఆ చోటు నల్లబడితే స్టెయిన్ కూడా దిగుతుంది. ముత్యాల్లా నిలబడితే అక్కడ పాత సీలరో, మైనమో, జిగురో, నూనో ఉంది. లేదా అప్పట్లో తాపీతో అద్దంలా నున్నగా రుద్దేశారు. ఒకే గదిలో ఒక చోట ఇంకి, ఇంకో చోట నిలబడడమే అసలు చిక్కు, ఎందుకంటే రంగు కూడా అచ్చం అలాగే మచ్చలు మచ్చలుగా పడుతుంది. నీళ్లు నిలిచిన చోట్లకి సుద్దముక్కతో గీత గీసి పెట్టుకోండి.

జిగురు తీయడంలోనే ఎక్కువమంది పని చెడగొట్టుకుంటారు. ఆస్‌బెస్టాస్ లేదని తేలాక కూడా, రిమూవర్ పోసి కరిగించి తుడిచేద్దామనుకుంటారు. కరిగిన జిగురు పలచబడి రంధ్రాల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. సోయా నూనెతో చేసిన రిమూవర్లు వాసన లేకుండా బాగానే పనిచేస్తాయి గానీ వెనక నూనె జిడ్డు వదులుతాయి. ఆ జిడ్డు మీద ఏ స్టెయినూ పట్టదు. ముందు గీకుడు బ్లేడుతో వీలైనంత తీసి, మిగిలింది డైమండ్ గ్రైండర్‌తో తీయడం మేలు. రిమూవర్ వాడక తప్పకపోతే, తర్వాత జిడ్డు పోగొట్టే క్షారపు క్లీనర్‌తో రెండు మూడు సార్లు రుద్ది కడిగి, మళ్లీ నీటి చుక్కలు వేసి చూడండి. గ్రైండింగ్‌కి దుమ్ము లాగే షరౌడ్ (గ్రైండర్ చుట్టూ తొడిగే మూత), సన్నటి దుమ్మునీ పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్, ముఖానికి సరిగ్గా బిగిసే రెస్పిరేటర్ ఉండాల్సిందే. కాంక్రీట్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకి చేసే హాని మళ్లీ నయం కాదు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుంటే దాన్ని ఆపలేం.

ఇంత చేసినా టైల్స్ మధ్య గీతలు నీడలాగా కనిపించొచ్చు. టైల్స్ సందుల్లోంచి ఏళ్ల తరబడి తుడుపు నీళ్లు, మైనం దిగి కాంక్రీట్ లోపలి తీరునే మార్చేస్తాయి. పైపైన గ్రైండ్ చేస్తే కళ్లకి మాయమైనట్టుంటుంది, స్టెయిన్ పడగానే మళ్లీ తేలుతుంది. ఈ గళ్లు అస్సలు కనిపించకూడదనుకుంటే స్టెయిన్ మీకు సరైన దారి కాదు. గచ్చు మీద పలచటి సిమెంట్ పొర (ఓవర్‌లే) వేయించి దానికి రంగు వేసుకోవడం ఒక్కటే మార్గం.

బొక్కలు, అతుకుల విషయమూ అంతే. కార్పెట్ బిగించిన మేకులు ఊడదీసినప్పుడు గోడ వారన చిన్న చిన్న పెచ్చులు లేస్తాయి. వాటిని సిమెంట్ ప్యాచింగ్ మిశ్రమంతోనే పూడ్చాలి. ఎపాక్సీతో పూడిస్తే యాసిడ్ స్టెయిన్ దాని మీద బొత్తిగా పట్టదు. సిమెంట్ అతుకైనా పాత కాంక్రీట్‌తో కలిసిపోదు, సాధారణంగా వేరే ఛాయలో తేలుతుంది. బీటలు స్టెయిన్ పడ్డాక ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఒక అంచు ఎత్తుగా, ఒక అంచు పల్లంగా ఉన్న బీట గచ్చు కదిలిందని చెబుతున్నట్టు. దాని కారణం తేల్చకుండా రంగు జోలికి పోకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. యాసిడ్ స్టెయిన్ నిజానికి రంగు కాదు. నీళ్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఇనుము, మాంగనీస్, రాగి లాంటి లోహాల లవణాలు ఉంటాయి. అవి సిమెంట్‌లోని విడి సున్నంతో కలిసి గోధుమ, ఎరుపు, ఆకుపచ్చ ఛాయలు పుట్టిస్తాయి. ఆ సున్నం ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సుద్దరాయిలా మారిపోతుంది. అందుకే పాత గచ్చు మీద రంగు తేలిపోయినట్టు, ఎగుడుదిగుడుగా వస్తుంది. స్టెయిన్ పోయగానే నురగ వచ్చింది కదా అని సంబరపడొద్దు. సుద్ద మీద యాసిడ్ పోసినా నురగ వస్తుంది. రాగి లవణాలున్న నీలి, ఆకుపచ్చ ఛాయలు చెమ్మ ఉన్న గచ్చులో గోధుమ రంగుకో నలుపుకో తిరిగిపోతాయి కాబట్టి వాటిని వదిలేయండి.

వాటర్ స్టెయిన్‌లో పిగ్మెంట్ (రంగు పొడి), దాన్ని పట్టి ఉంచే పాలిమర్ ఉంటాయి. అవి రంధ్రాల్లో దిగి పట్టుకుంటాయి, సున్నంతో పని లేదు. రంగు ఇంచుమించు కార్డులో చూపినట్టే వస్తుంది, అతుకుల్ని కొంతవరకు కలిపేస్తుంది. అయితే గచ్చు నున్నగా ఉంటే దిగదు. 80 నుంచి 120 గ్రిట్ (గరుకుదనపు నంబరు)తో గ్రైండ్ చేసి, చేతితో తడిమితే సన్నటి గరుకు కాగితంలా తగిలేలా చేయాలి. మీరు చెప్పిన గచ్చుకి నేనైతే వాటర్ స్టెయినే చెబుతాను. యాసిడ్ స్టెయిన్ ఇచ్చే పాలరాయి లాంటి లోతు దీనికి రాదు, నిజమే. కానీ అతుకులు, జిగురు మరకలు ఉన్న చోట ఆ అందం మచ్చల్లో పడి కొట్టుకుపోతుంది. ఏది వాడినా అల్మారా అడుగునో, మెట్ల కిందో రెండు అడుగుల చదరంలో, సీలర్‌తో సహా మొత్తం పని ముందు చేసి చూసుకోండి. మంచి చోటు ఒకటి, జిగురు మరక ఉన్న చోటు ఒకటి ఉంటే ఇంకా మంచిది.

అయినా యాసిడే కావాలంటే: ముందుగా మామూలు యాసిడ్‌తో గచ్చు కడగకండి. స్టెయిన్‌కి కావాల్సిన సున్నాన్ని అదే తినేస్తుంది. లోహపు భాగాలు లేని ప్లాస్టిక్ స్ప్రేయర్ వాడాలి. లీటరుకి సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది. పలచన చేయాలంటే నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి మూసుకునే అద్దాలు, యాసిడ్ ఆవిరికి తగిన కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, తెరిచిన కిటికీలు తప్పనిసరి. బ్లీచ్‌తో కడిగిన గచ్చు మీద, అది పూర్తిగా పోకుండా యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అంచు ఆరకుండానే పక్క భాగం తడుపుతూ, గుండ్రంగా చల్లుకుంటూ వెనక్కి నడవండి. తడిలో అడుగు వేస్తే ఆ పాదం గుర్తు ఎప్పటికీ ఉండిపోతుంది. గోడలకి, తలుపు చట్రాలకి ప్లాస్టిక్ కట్టండి.

డబ్బా మీద రాసినంత సేపు, సాధారణంగా ఓ పూట, వదిలేశాక పైన తుప్పు లాంటి పొడి పేరుకుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, అదే రంగనుకుని దాని మీదే సీలర్ వేసేస్తారు. ఆ పొడికి గచ్చుతో బంధం లేదు. సీలర్ దాన్ని పట్టుకుని, దానితో పాటే రేకుల్లా లేచిపోతుంది. 20 లీటర్ల బకెట్‌కి అరకిలో వంటసోడా కలిపి, గచ్చంతా పోసి గట్టి బ్రష్‌తో రుద్దండి. నురగ ఆగేదాకా ఇలా చేసి, తర్వాత మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, ప్రతిసారీ నీళ్లు లాగే వాక్యూమ్‌తో ఎత్తేయండి. కడిగిన నీళ్లలో పీహెచ్ కాగితం (ఆమ్ల, క్షార గుణాన్ని చూపేది) ముంచితే 7, 8 మధ్య చూపాలి. ఆరాక తెల్లగుడ్డతో గట్టిగా తుడిస్తే గుడ్డకి రంగు అంటకూడదు. అంటితే మళ్లీ కడగాల్సిందే. ఆ నీళ్లని మొక్కలకి, కాలువలకి వదలకండి, వాటిలో లోహాలుంటాయి. ఆరిన గచ్చు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కంగారుపడక ఒక చోట తడి చేసి చూడండి, సీలర్ వేశాక దాదాపు అలా ఉంటుంది.

సీలర్‌కి ముందు కనీసం ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, ప్లాస్టిక్ ముక్క పరీక్ష మళ్లీ చేయండి.

ఏ సీలర్ అనేది చెమ్మ చెబుతుంది. చెమ్మ బయటపడిన గచ్చుకి ఎపాక్సీ, పాలియురేథేన్ లాంటి బిగుతైన పొర వేస్తే, కింది ఆవిరి దారి లేక దాన్ని బొబ్బల్లా ఎత్తేస్తుంది. అలాంటి చోట లోపలికి ఇంకే సిలేన్, సిలోక్సేన్ రకం వాడాలి. ఆవిరి బయటికి పోతుంది, నీళ్లు లోపలికి దిగవు. మెరుపు రాదు, వంటింట్లో నూనె మరకల్నీ పూర్తిగా ఆపదు, అది ఒప్పుకోవాలి. పొడిగా ఉన్న గదులకి యాక్రిలిక్ తేలిక, చెడితే బాగుచేయడమూ తేలిక. సాల్వెంట్ రకం (నీటికి బదులు మండే రసాయన ద్రావకం ఉన్నది) రంగుని తడిసినట్టు ముదురు చేస్తుంది, కానీ ఇంట్లో వేయాలంటే గ్యాస్ పరికరాల్లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంటతో సహా నిప్పు అన్నదే ఉండకూడదు, గాలి ఆడాలి. మనుషులు ఉంటున్న ఇంటికి నీటి రకమే నయం. ఎపాక్సీ గట్టిది, అయితే ఎండ పడే కిటికీ దగ్గర పసుపెక్కుతుంది.

యాక్రిలిక్ రెండు పలచటి కోట్లే వేయాలి. సాల్వెంట్ రకం మందంగా ఒకటే కోటు లాగిస్తే పైన పొర కట్టి లోపల ద్రవం చిక్కుకుంటుంది, అదే బుడగలవుతుంది. గచ్చు వేడెక్కుతున్న వేళ వేసినా రంధ్రాల్లోని గాలి వ్యాకోచించి బుడగలు తెస్తుంది. అందుకే సాయంత్రం, గచ్చు చల్లబడుతున్నప్పుడు వేయండి. గచ్చు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి. కురచ నూలు రోలర్‌తో, గుంటలు కట్టకుండా లాగండి. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా. మర్నాడు నడవొచ్చు, సామాను మూడు రోజులాగి పెట్టండి, జరపకుండా ఎత్తి పెట్టండి.

కొన్నాళ్లకి పాలు చల్లినట్టు తెల్లమచ్చలు వస్తే అది సీలర్ కింద చిక్కిన చెమ్మ. సాల్వెంట్ యాక్రిలిక్ అయితే పొడి వాతావరణంలో జైలీన్ అనే సాల్వెంట్‌ని పలచగా రోలర్‌తో లాగితే పొర కరిగి, చెమ్మ వదిలి, మళ్లీ తేరుకుంటుంది. నీటి రకానికి ఈ చిట్కా పనిచేయదు, ఆ మేరకి పూత ఊడదీసే స్ట్రిప్పర్‌తో తీసి మళ్లీ వేయాలి. అదే చోట మళ్లీ మళ్లీ వస్తుంటే తప్పు సీలర్‌ది కాదు, ఆ గదికి ఊపిరాడే రకానికి మారండి. తుడవడానికి పీహెచ్ తటస్థంగా ఉన్న క్లీనర్ చాలు, వెనిగర్ వాడితే సీలర్ అరిగిన చోట సిమెంట్‌ని తినేస్తుంది. అడుగున రబ్బరున్న మ్యాట్లు యాక్రిలిక్ మీద వేయకండి. రబ్బరుని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ దిగి, మ్యాటు ఆకారంలో పసుపు మచ్చ మిగులుతుంది, అది తుడిస్తే పోదు.