మెడ రుద్దబాక పాపా

పాపా,

ఒంగోలులో నువ్వు పార్లరు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషమో దిగులో తెలీదు, ఆ పూట నాకు అన్నం సయించలేదు. కావలిలో ఇరవై రెండేళ్లు ఇదే పని చేసినదాన్ని, నాకో మాట చెప్పకుండా షాపుకి అడ్వాన్సు కూడా ఇచ్చేశావంట. ఆ సంగతి తర్వాత తేల్చుకుందాం.

దారం మనిషికొకటి మార్చు. బ్లీచ్ ముందు చెవి వెనక రాసి చూడు. అప్పు పెట్టబాక. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను చెప్పాల్సింది మెడ సంగతి. జడ పక్కకు తీస్తే కొందరికి మెడ వెనక నల్లగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా మందంగా ఉంటుంది. చిన్న చిన్న పులిపిర్లు వేలాడతాయి. చంకల్లోనూ ఉంటుంది ఆ నలుపు. "గొలుసు రాపిడక్కా, మురికక్కా" అంటారు. నేనూ అట్టాగే అనుకున్నా.

1997లో మీ అమ్మ పెళ్లికి నెల ముందు మగపెళ్లివాళ్లలో ఒకామె దాని మెడ మీద ఆ నలుపు చూసి "పిల్ల సరిగా నీళ్లు పోసుకోదా?" అనింది. నాకు రోషమొచ్చింది. అప్పుడే షాపు తెరిచిన పొగరు కూడా ఉండేది. పెరట్లో పీటేసి కూర్చోబెట్టి శనగపిండి, నిమ్మచెక్క, కొబ్బరిపీచు పెట్టి రుద్దాను. పోలేదు. బ్లీచ్ వేశాను. మంటక్కా అంటే "కాస్త ఓర్చుకోవే" అని విసనకర్రతో విసిరాను. మూడోసారికి తోలు లేచిపోయింది. పీటల మీద పూలదండ ఆ పుండుకు రాసుకుంటుంటే దాని కళ్లలో నీళ్లు. పుట్టిల్లు వదిలే బాధ అనుకున్నారు అందరూ.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆరో నెలలో షుగరు బయటపడింది. నెల్లూరులో డాక్టరమ్మ మెడ చూసి "ఇది ఎన్నేళ్ల నుంచి?" అనడిగింది. పక్కనే ఉన్నా నాకు నోరు పెగల్లేదు.

ఆమే చెప్పింది. కణాలు ఇన్సులిన్ మాట వినకపోతే ఒళ్లు ఇంకా ఎక్కువ తయారు చేస్తుందంట. ఆ ఎక్కువైందే చర్మాన్ని దట్టంగా పెంచుతుంది. షుగరు రాకముందే మెడ నల్లబడొచ్చు. రుద్దితే పోదు. బరువు తగ్గి ఇన్సులిన్ దిగితే నెలల మీద మెల్లగా పలచబడుతుంది.

అందుకే అట్టాంటి మెడ వస్తే బ్లీచ్ డబ్బా తియ్యబాక. పదిమందిలో అనబాక, చెవిలో చెప్పు: పరగడుపు షుగరు, మూణ్ణెల్ల సగటు షుగరు (HbA1c పరీక్ష) చూపించుకోమను. పరగడుపున 100కి చేరినా, మూణ్ణెల్లది 5.7కి వచ్చినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. నెలసరి తప్పే పిల్లలైతే అదీ చెప్పమను. సన్నగా ఉన్న పెద్దవాళ్లకి ఉన్నట్టుండి వచ్చి పాకుతుంటే ఒక్క వారం కూడా ఆగనీయబాక, లోపల పెద్ద జబ్బుండొచ్చు. నీకు బ్లీచ్ డబ్బులు పోతాయి, పోనీ.

సంక్రాంతికి వచ్చినప్పుడు నీకు తలనూనె పెడుతూ చూశాను. జడ కింద సన్నటి నల్లగీత. గిలిగింత పెద్దమ్మా అని నువ్వు తల తిప్పేశావు, నేనూ ఊరుకున్నా. ఇంక ఊరుకోలేను తల్లీ.

ఈ శుక్రవారం పొద్దున పినాకిని ఎక్కి కావలి రా. ఏమీ తినబాక, కాఫీ కూడా వద్దు. స్టేషన్ నుంచి నేనే ల్యాబుకి తీసుకుపోతా. రక్తం ఇచ్చాక ఇంటికొచ్చి కారం దోశ పోస్తా, నూనె తక్కువేసి.

మీ పెద్దమ్మ