పెన్ను గీత చెరిపేసిన రెవెన్యూ స్టాంపును ఎలా గుర్తుపట్టాలి?

మీరు అడిగింది ఇది: బ్రిటిష్ వలస పాలన నాటి పెద్ద విలువ స్టాంపు ఒకటి మీకు దొరికింది. ముద్ర లేదు, వెనక జిగురూ లేదు. అమ్మే మనిషి "వాడనిదే, జిగురు పోయిందంతే" అంటున్నారు. కానీ ఒక మూల రంగు కొంచెం వెలిసినట్టుంది. కడిగిన స్టాంపేమో అని మీ అనుమానం.

అనుమానించడం సరైనదే. నేను చాలా కాలంగా రెవెన్యూ స్టాంపులే ఎక్కువగా పోగుచేస్తున్నాను. ఈ రకం స్టాంపు చేతికొస్తే "దీని మీద ఒకప్పుడు పెన్ను గీత ఉండేదా?" అన్నదే నా మొదటి ప్రశ్న. ఆ కాలపు స్టాంపులు చాలావాటిని ఉత్తరాలకూ, దస్తావేజులకూ రెండింటికీ వాడేవాళ్లు. ఉత్తరానికి పౌండ్ల విలువ స్టాంపు అవసరమయ్యేది ఎప్పుడో ఒకసారి. ఆ పెద్ద విలువలు ఎక్కువగా దస్తావేజుల మీదికే వెళ్లేవి. అక్కడ సంతకంతోనో గీతతోనో రద్దు చేసేవాళ్లు. పెన్ను గీత ఉన్న స్టాంపుకు ధర తక్కువ, వాడనిదానికీ పోస్ట్‌మార్క్ ఉన్నదానికీ చాలా ఎక్కువ. ఆ తేడా కోసమే గీతను చెరిపేస్తారు.

అందరూ సిరా మరక కోసం వెతుకుతారు. నేను కాగితాన్ని చూడమంటాను. రసాయనంతో సిరా రంగు పోతుంది గానీ, ఉక్కు పాళీ కాగితంలో నొక్కిన గాడి అంత సులువుగా పోదు. గది చీకటి చేసి, స్టాంపును నల్ల కాగితం మీద పెట్టి, చిన్న టార్చి వెలుగు పక్క నుంచి, దాదాపు బల్లకు ఆనించి, పడేలా చూడండి. స్టాంపును నెమ్మదిగా తిప్పుతూ పది రెట్ల భూతద్దంతో చూస్తే, డిజైన్‌తో సంబంధం లేకుండా అడ్డంగా పోయే సన్నని గాడి ఒక కోణంలో తళుక్కుమంటుంది. తర్వాత వెనకవైపు కూడా అలాగే చూడండి. కొన్నిసార్లు గీత అక్కడే ఉబ్బెత్తుగా తెలుస్తుంది. ఒకసారి నేను కొన్న కలగలుపు లాట్‌లో పైకి ఏ లోపమూ కనబడని స్టాంపు మీద, ఇలా పక్క వెలుగులో, పొడి అక్షరాల సంతకం మొత్తం చదవగలిగాను.

ఆ తర్వాతే యూవీ లైటు. పాత దస్తావేజుల సిరాలో ఇనుము ఉండేది. మామూలు వెలుగులో ఏమీ కనిపించకపోయినా, మిగిలిన ఆనవాళ్లు యూవీ కింద నల్లటి చారగా తేలవచ్చు, లేదా కడిగిన చోటు మిగతా కాగితం కంటే వేరే మెరుపుతో కనబడవచ్చు. ఏమీ కనిపించలేదని మాత్రం నిశ్చింతగా ఉండకండి, బాగా కడిగినది యూవీకీ దొరక్కపోవచ్చు. లైటు కేసి నేరుగా చూడొద్దు.

మీరు చెప్పిన "వెలిసిన మూల"ను కొట్టిపారేయొద్దు. స్టాంపులు కడిగి మళ్లీ వాడతారన్న భయంతోనే స్టాంపులు ముద్రించే డి లా రూ సంస్థ తడి తగిలితే చెడిపోయే సిరాలు వాడింది. 1883-84 నాటి బ్రిటిష్ లైలాక్ (లేత ఊదా), పచ్చ స్టాంపులు అలా వచ్చినవే. ఆ పచ్చ నీళ్లలో పడితే పాలిపోయి పసుపులోకి తిరుగుతుంది. కాబట్టి మీ స్టాంపు రంగును అదే రకం మంచి స్టాంపుతో పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్ ఫొటోతో పోల్చడం దండగ. పరీక్ష పేరుతో దాన్ని నీళ్లలో మాత్రం ముంచకండి, అసలుదైతే మీరే పాడుచేసినవాళ్లవుతారు.

కడిగిన స్టాంపు మీద దొంగ పోస్ట్‌మార్క్ కొట్టేవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ సామ్రాజ్యపు స్టాంపుల్లో "మేడమ్ జోసెఫ్" పేరుతో పిలిచే దొంగ ముద్రలు ఇందుకు పేరుమోశాయి. వాటి బొమ్మలు పుస్తకంగా వచ్చాయి, పోల్చుకోవచ్చు. అలాంటి ముద్రల్లో తేదీ మారదు, ఒకే ఊరు ఒకే తేదీతో రకరకాల స్టాంపుల మీద కనబడుతుంది. తేదీ స్టాంపు విడుదల కంటే ముందుదైతే అది దొంగ ముద్రే, ఇక ఆలోచించక్కర్లేదు. ముద్ర సరిగ్గా గాడి ఉన్న చోటే బలంగా పడిందేమో కూడా చూడండి.

అమెరికా 1862 రెవెన్యూ స్టాంపుల్లో మోసం ఇంకో దారిలో వస్తుంది. అవే స్టాంపులు అంచు రంధ్రాలతోనూ, రంధ్రాలు లేకుండానూ ఉన్నాయి. కొన్ని విలువల్లో రంధ్రాలు లేనివి ఖరీదు కాబట్టి రంధ్రాలున్నవాటి అంచులు కత్తిరించి అమ్ముతారు. మార్జిన్ నాలుగు వైపులా వెడల్పుగా లేకపోతే విడి స్టాంపు కొననే వద్దు, విడదీయని జంట దొరికితే మేలు. కోత పెట్టి రద్దు చేసినవాటిని అతికించి అమ్మడం కూడా ఉంది. నల్ల ట్రేలో బోర్లా పెట్టి వాటర్‌మార్క్ ద్రవం (కాగితంలోని నీటిగుర్తు చూడటానికి వాడేది) వేస్తే అతుకు, పలచబడిన చోటు ముదురుగా తేలతాయి.

దస్తావేజు మీదే ఉన్న స్టాంపు రెండోసారి వాడినదా అన్నది తేల్చడం నాకు చాలా ఇష్టమైన పని. అక్కడ సాక్ష్యం కాగితం మీదే ఉంటుంది. సంతకం గీత స్టాంపు మీంచి కాగితం మీదికి ఆగకుండా సాగాలి. అంచు దగ్గర ఠక్కున తెగినా, సిరా రంగు మారినా, స్టాంపు మీది తేదీ పత్రం తేదీకి కుదరకపోయినా, ఆ స్టాంపు వేరే చోటి నుంచి వచ్చిందేమో చూడాలి. అలా అప్పట్లోనే మళ్లీ వాడినదని తేలితే దాన్ని ఊడదీయకండి. పత్రంతో కలిపి ఉంచితేనే దానికి విలువ.

ఇక మీ స్టాంపు సంగతి. అడిగిన ధర పెద్దదైతే, నిపుణుల సర్టిఫికెట్‌లో తేడా వస్తే డబ్బు తిరిగిస్తామని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ లండన్ నిపుణుల కమిటీ 1894 నుంచి ఈ పని చేస్తోంది. న్యూయార్క్‌లో 1945లో మొదలైన ఫిలాటెలిక్ ఫౌండేషన్ కూడా ఉంది. అమ్మే మనిషి ఆ షరతుకు ఒప్పుకోకపోతే, పెన్ను గీత ఉన్న స్టాంపుకు ఇచ్చే ధర కంటే ఒక్క పైసా ఎక్కువ ఇవ్వకండి.