ఏ జేబులో ఏముండాలి?

ఇంద్రజాలం: మీ ప్రశ్నలు, మా జవాబులు

టేబుల్ పక్కన నిలబడి, మూరెడు దూరంలో చేసే మ్యాజిక్ గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. దాదాపు అందరూ అడిగింది సామాను సంగతే. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: పుట్టినరోజు ఫంక్షన్లలో టేబుల్ టేబుల్‌కూ తిరిగి మ్యాజిక్ చేస్తుంటాను. రెండు పేక కట్టలు, నాలుగు స్పాంజ్ బంతులు, ఆరు నాణేలు, తాడు, రబ్బర్ బ్యాండ్లు, మార్కర్ అన్నీ ఒక భుజం సంచిలో ఉంటాయి. ప్రతి టేబుల్ దగ్గరా సంచి కుర్చీలో పెట్టి వెతుక్కోవాల్సి వస్తోంది. పిల్లలేమో సంచిలోకి తొంగి చూస్తున్నారు. ఏం చేయమంటారు? (హన్మకొండ)

జవాబు: సంచి హాల్ దాకానే రావాలి, టేబుల్ దాకా రాకూడదు. దాన్ని జిప్పు వేసి స్టేజీ వెనకో, తెలిసినవాళ్ల దగ్గరో పెట్టండి. అరగంటకోసారి వెళ్లి, అయిపోయినవి నింపుకొని రండి. ఒక్కో టేబుల్ దగ్గర మీకు దొరికేది ఆరేడు నిమిషాలు. అందులో అర నిమిషం సంచిలో వెతికినా చాలు, పెద్దవాళ్లు మాటల్లో పడతారు, పిల్లలు సంచి మీద పడతారు.

ఆ ఆరేడు నిమిషాలకు మూడు ఐటమ్‌లు సరిపోతాయి. మీ జాబితాలోంచి ముందు తాడు తీసేయండి. కూర్చున్నవాళ్ల ముందు మీటరున్నర తాడు ఆడిస్తే దాని కొస పప్పులోనో పెరుగులోనో తేలుతుంది. కత్తిరించి అతికించే ట్రిక్కయితే ప్రతిసారీ కొంత తాడు ఖర్చు, పైగా ఆ ముక్కలను ఎక్కడ పడేయాలన్నది ఇంకో సమస్య. తాడు స్టేజీకే బాగుంటుంది.

మిగిలినవాటిని ఇలా సర్దండి. పేక కట్ట కోటు ఎడమ పక్క జేబులో ఉండాలి. ముక్కలు పంచేటప్పుడు కట్ట ఉండేది ఎడమ చేతిలో కాబట్టి, అదే చెయ్యి జేబులోకి వెళ్లి తెస్తే కట్ట నేరుగా పట్టులోకి వచ్చేస్తుంది. కుడి జేబులోంచి తీసి చేతులు మార్చుకుంటే ఒక అనవసరపు కదలిక పెరుగుతుంది. అట్టపెట్టె మూత పైకి, పెట్టె అంచున అర్ధచంద్రాకారంలో ఉండే నొక్కు మీ ఒంటి వైపుకు ఉండాలి. అప్పుడు చూడకుండానే బొటనవేలికి ఆ నొక్కు తగులుతుంది. నాణేలు ప్యాంటు కుడి జేబులో, స్పాంజ్ బంతులు ప్యాంటు ఎడమ జేబులో పెట్టండి. రబ్బర్ బ్యాండ్లకు ప్యాంటు చిన్న వాచీ జేబు సరిగ్గా సరిపోతుంది. మార్కర్‌ను చొక్కా పై జేబులో ఉత్తినే వేస్తే, టేబుల్ మీదికి వంగగానే జారి ఎవరి గ్లాసులోనో పడుతుంది. కోటు లోపలి జేబు అంచుకు క్లిప్పు పెట్టి తగిలించండి.

కోటు కుడి పక్క జేబును మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పని అయిపోయిన ప్రతి వస్తువూ అందులోకే వెళ్లాలి. ఆ జేబు లేకపోతే వాడిన బంతి వాడని నాణేల్లో కలుస్తుంది, రెండో టేబుల్‌కు వెళ్లేసరికి ఏది ఎక్కడుందో మీకే తెలియదు. ఫోను, పర్సు, తాళాల గుత్తి వీటిలో దేంట్లోనూ ఉండకూడదు. తాళాలు స్పాంజ్‌ను చింపుతాయి, ఫోను పేకముక్కల అంచులు నలుపుతుంది.

ఇక జేబు లోతు. చాలామంది దీన్ని పట్టించుకోరు, తడబాట్లలో సగం ఇక్కడే పుడతాయి. మామూలు ప్యాంటు జేబు మరీ లోతు. బంతులు అడుగుకు దిగిపోతే మణికట్టు దాటి చెయ్యి దూర్చాల్సి వస్తుంది, మోచెయ్యి పైకి లేస్తుంది, అందరి చూపూ అటే పోతుంది. జేబు అడుగును 12, 13 సెంటీమీటర్ల దగ్గరికి పైకి కుట్టించండి. వేళ్లు అడుగును తాకినప్పుడు మణికట్టు బయటే ఉండాలి, అదే గుర్తు. పేక జేబుకు ఇంకో లెక్క ఉంది. పోకర్ సైజు ముక్క 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు, కట్ట మందం సుమారు 16 మిల్లీమీటర్లు. వెడల్పూ మందమూ కలిపితే 8 సెంటీమీటర్లకు దగ్గర, వేళ్లకు ఇంకో రెండు కలపండి. అంటే జేబు పరిచి కొలిస్తే 10 సెంటీమీటర్ల వెడల్పు, 11 సెంటీమీటర్ల లోతు. ఇంతకంటే ఇరుకైతే కట్ట ఇరుక్కుంటుంది, వదులైతే అడ్డం తిరుగుతుంది. నాణేల జేబుకు మధ్యలో నిలువుగా ఒక కుట్టు వేయిస్తే రెండు అరలవుతాయి, గలగలమని చప్పుడు కూడా తగ్గుతుంది. మీ వీధిలోని టైలర్‌కు ఇది పది నిమిషాల పని.

కుట్టించాక కళ్లు మూసుకొని ప్రతి వస్తువునూ పదిసార్లు తీసి పెట్టండి. ఆ తర్వాత అదే పని మాట్లాడుతూ చేయండి. మాట ఎక్కడ ఆగిందో, ఆ జేబును మళ్లీ సరిచేయాలి.

ఇంకొక్క మాట. అడిగి తీసుకున్న ఉంగరం ఏ కారణంతోనూ మీ జేబులోకి వెళ్లకూడదు. పెళ్లివారింట్లో అది బంగారం. ట్రిక్కుకు జేబు తప్పనిసరైతే ఆ ట్రిక్కే మానేయండి.

ప్రశ్న: ఇంగ్లిష్ పుస్తకాలన్నీ కోటు జేబుల గురించే చెప్తాయి. ఎండాకాలంలో మా దగ్గర కోటు వేసుకుంటే పది నిమిషాల్లో ఒళ్లంతా చెమట. కుర్తా వేసుకొని చేద్దామంటే కట్ట జేబులో ఊగుతోంది. దారేది? (కరీంనగర్)

జవాబు: ఆ పుస్తకాల్లో చాలా వరకు ఏడాదిలో ఎక్కువ రోజులు కోటు వేసుకునే దేశాల్లో రాసినవి. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఊళ్లకు వాటి జేబుల పటం ఉన్నదున్నట్టు పనికిరాదు. కుర్తా పక్క జేబు కుట్టులోంచి వేలాడుతుంది. పేక కట్ట బరువుకు అది తొడ మీదికి జారి, నడుస్తుంటే కొట్టుకుంటుంది, వంగితే టేబుల్ అంచుకు తగులుతుంది.

మా సలహా చేతుల్లేని నెహ్రూ కోటు. ఖాదీది గానీ పలుచని నూలుది గానీ తీసుకోండి, లోపలి అస్తరు కూడా నూలుదే వేయించండి. పాలిస్టర్ అస్తరు చెమటకు చొక్కాకు అతుక్కొని జేబును లోపలికి లాగేస్తుంది. కింది రెండు జేబులను పై ప్రశ్నలో చెప్పిన కొలతలకు కుట్టించి, లోపల ఎడమ వైపు మార్కర్‌కు సన్నటి అర ఒకటి పెట్టించండి. కోటు బొత్తాలన్నీ పెట్టుకోవాలి. తెరిచి ఉంటే వంగినప్పుడు కోటు ముందుకు వేలాడి జేబు నోరు నేలను చూస్తుంది.

అదీ వద్దనుకుంటే నడుముకు సంచి కట్టుకోండి, అందరికీ కనబడేలాగే కట్టుకోండి. వెనకటికి యూరప్‌లో గిన్నెలూ గోళీల ఆట ఆడేవాళ్లు నడుము ముందు సంచి కట్టుకునే ఆడేవాళ్లు, ఫ్రెంచిలో దాన్ని జిబెసియేర్ అంటారు. మన గారడీవాళ్ల జోలె కూడా ఒడి పక్కనే, అందరి ఎదుటే ఉంటుంది. దాచిపెట్టిన సంచిని జనం అనుమానిస్తారు, కళ్లెదుట ఉన్నదాన్ని రెండు నిమిషాల్లో మరిచిపోతారు. దానికి జిప్పు వద్దు, చప్పుడు చేస్తుంది. నోటి చుట్టూ గట్టి పట్టీ వేసి కుట్టిస్తే ఎప్పుడూ తెరుచుకొనే ఉంటుంది, ఒంటి చేత్తో తీయొచ్చు.

చెమటకు పేకముక్కలు కూడా పాడవుతాయి. అట్ట తేమ పీల్చి ఉబ్బుతుంది, ముక్కలు ఒకదాని మీద ఒకటి జారవు, విసనకర్రలా విప్పితే గుత్తులుగా వస్తాయి. రెండు కట్టలను మార్చి మార్చి వాడండి. ఒకటి పనిలో ఉన్నంతసేపూ రెండోది సంచిలో ఇనుప క్లిప్పులో ఆరుతూ ఉండాలి. చేతులకు పౌడర్ రాయకండి, చెమటతో కలిసి పేస్టులా అంటుకుంటుంది. విడిగా ఒక చేతిరుమాలు ఉంచుకొని తుడుచుకోవడమే మేలు. సామాను ఎండలో నిలిపిన కారులోనో బండి డిక్కీలోనో వదిలేయొద్దు. ఆ వేడికి అన్నిటికంటే ముందు దెబ్బతినేవి రబ్బర్ బ్యాండ్లు. ఫంక్షన్‌కు వెళ్లే రోజు పొద్దున ఒక్కోదాన్నీ సాగదీసి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే పారేయండి, లేకపోతే అది తెగి ఎదుటివాళ్ల కంటికి తగులుతుంది.

ప్రశ్న: అన్నా, మా దిక్కు దావత్‌లల్ల అందరినీ బంతిల కూసోవెట్టి వడ్డిస్తరు. చేతులన్నీ బువ్వలనే ఉంటయి. ముక్క పట్టుకోమంటే మరకలైతున్నయ్. టేబుల్ మీద ప్లాస్టిక్ కవర్ పరుస్తరు, దాని మీద ముక్క పడితే లేస్తలేదు. ఎట్ల జేయాలె? (జగిత్యాల)

జవాబు: తమ్ముడూ, వడ్డన మొదలైన బంతికి మ్యాజిక్ చూపొద్దు. కుడి చెయ్యి అన్నంలో ఉంటుంది, ఎడమ చేత్తో తీసుకోమంటే పెద్దవాళ్లకు నచ్చదు. మీకు రెండు సమయాలున్నాయి. జనం వచ్చి కూర్చొని ఇస్తర్లు పడే దాకా ఒకటి, చేతులు కడుక్కొని వచ్చి కుర్చీల్లో కూలబడ్డాక ఇంకొకటి. రెండోదే మంచిది, ఎవరికీ తొందర ఉండదు. చేతులు అప్పుడే కడుక్కున్నవాళ్లకు పేక ఇవ్వకుండా స్పాంజ్ బంతితో మొదలుపెట్టండి. బంతికి తడి తగిలితే ఆరుతుంది, పేకముక్కకు తగిలితే ఆ ముక్క పోయినట్టే.

తినేటప్పుడే చూపించమని ఇంటివాళ్లు పట్టుబడితే, వస్తువు మీ చేతుల్లోంచి బయటికి రాని ట్రిక్కులే ఎంచుకోండి. రబ్బర్ బ్యాండ్లు, ఒకట్రెండు నాణేలు చాలు, పేక తీయనే వద్దు.

ఇక ఆ ప్లాస్టిక్ కవర్. ముక్క అంచు లేవాలంటే వేలు నొక్కినప్పుడు కింద మెత్తగా దిగాలి. గట్టి టేబుల్, దాని మీద ప్లాస్టిక్, పైన కాస్త తడి, ఈ మూడూ కలిస్తే ముక్క గాజుకు అతికినట్టు అతుక్కుంటుంది. కాబట్టి మ్యాట్ వెంట ఉండాలి. దుకాణాల్లో దొరికేది సుమారు 28 బై 40 సెంటీమీటర్లు, ఇస్తర్ల మధ్య అది పట్టదు. 20 బై 30 చాలు, చంకలో పెట్టుకొని తిరగొచ్చు. 3 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్ మీద మందపాటి ఫెల్ట్ గుడ్డ అతికించండి. ఫెవికాల్ అంచుల వెంబడి పలుచగా రాయాలి, మొత్తం పూస్తే గట్టిపడి మెత్తదనం పోతుంది. వరంగల్ కొత్తవాడ దర్రీ (నూలు జంపఖానా) ముక్కను పైన వాడొచ్చా అని కొందరు అడిగారు. 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన మన ఓరుగల్లు దర్రీ చూడముచ్చటగా ఉంటుంది, నాణేలకు బ్రహ్మాండంగా సరిపోతుంది. పేకకు మాత్రం పనికిరాదు. దానికి నూగు ఉండదు, నేత గాళ్లలో ముక్క అంచు చిక్కుకుంటుంది. దాన్ని మ్యాట్‌కు తొడిగే సంచిగా కుట్టించండి, ఏళ్ల తరబడి మన్నుతుంది.

ప్రశ్న: పుస్తకాల్లో అమెరికా హాఫ్ డాలర్ నాణెం వాడమంటారు. మన నాణేల్లో ఏది మంచిది? అయస్కాంతం ఉన్న సామాను అదే జేబులో పెట్టొచ్చా? (మంచిర్యాల)

జవాబు: హాఫ్ డాలర్ 30.6 మిల్లీమీటర్లు. మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు, అందుకే పుస్తకంలో చెప్పిన పట్టు దానికి కొంచెం వదులుగా వస్తుంది, అరచెయ్యి ఇంకాస్త ముడవాలి. అయినా పదే వాడండి. రెండు రంగుల్లో ఉంటుంది కాబట్టి టేబుల్ అవతలి కొసన కూర్చున్నవాళ్లకూ కనిపిస్తుంది, ఎవర్ని అడిగినా దొరుకుతుంది. ఇరవై కూడా 27 మిల్లీమీటర్లే గానీ పన్నెండు మూలలు, అరచేతిలో గుచ్చుకుంటుంది.

స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటుకుంటాయి. అయస్కాంతం పక్కన పెడితే జేబులోంచి గుత్తిలా బయటికొస్తాయి. దాన్ని వేరే జేబులో, ఏటీఎం కార్డుకు దూరంగా పెట్టండి. కార్డు వెనక నల్ల పట్టీ చెడిపోవచ్చు. నాణేలను లేతుమీద కోయించి సామాను చేసుకోవద్దు, 2011 నాటి నాణేల చట్టం నాణేలను ధ్వంసం చేయడాన్ని నిషేధించింది.

ప్రశ్న: ఒక టేబుల్ అయ్యాక ఇంకో టేబుల్‌కు వెళ్లేలోపు అన్నీ మళ్లీ సర్దుకోవడానికి టైము సరిపోవడం లేదు. (నిజామాబాద్)

జవాబు: టేబుల్‌కూ టేబుల్‌కూ మధ్య మీకున్నది పదడుగులు, పది పన్నెండు సెకన్లు. అంతలో సర్దుకోలేని ట్రిక్కును ఈ పనికి వాడొద్దు. ఇంట్లో గడియారం పెట్టి చూడండి. ఖాళీగా ఉంచిన కుడి జేబులోంచి వస్తువులు వాటి వాటి చోట్లకు వెళ్లాలి, అదీ నడుస్తూనే, కిందికి చూడకుండా. వెంటపడే పిల్లలుంటే వాళ్లకు వినిపించేలా తర్వాతి టేబుల్‌వాళ్లను పలకరించండి, వాళ్ల చూపు అటు తిరుగుతుంది.

సంతకం చేయించి ఇచ్చేసే ముక్కల లెక్క మరవకండి. ఇరవై టేబుళ్లకు ఇరవై ముక్కలు పోతాయి. 52లో ఏడెనిమిది తగ్గేసరికే కట్ట పలుచబడ్డట్టు చేతికి తెలుస్తుంది. అందుకే ఆరో టేబుల్ తర్వాత సంచి దగ్గరికి వెళ్లి కట్ట మార్చండి. పాత కట్టలో మిగిలిన ముక్కలు తర్వాతి ఫంక్షన్‌కు పూరకంగా పనికొస్తాయి, వెనక డిజైనూ రంగూ ఒకటే అయితేనే. అందుకే పేక కొనేటప్పుడు ఒకే రకం ఆరు కట్టలు ఒకేసారి కొనాలి.

ప్రశ్న: ఫ్లాష్ పేపర్ చొక్కా జేబులో పెట్టుకోవచ్చా? (భూపాలపల్లి)

జవాబు: వద్దు. అది నైట్రోసెల్యులోజ్ అనే రసాయన పదార్థంతో చేసిన కాగితం, నిప్పు తగిలితే రెప్పపాటులో మండిపోతుంది. దాన్నీ లైటర్‌నూ ఒకే ఒంటి మీద పెట్టుకొని జనం మధ్య తిరగడం ప్రమాదం. చుట్టూ పట్టుచీరలు, సింథటిక్ పరదాలు, ప్లాస్టిక్ కవర్లు ఉన్న టేబుల్ దగ్గర అసలు వాడనే కూడదు.