పొగమంచు మీద బెంగ

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ఆర్నెల్లు ఉండి వద్దామని కిందటి జులైలో వెళ్లాను. ఓ ఆదివారం శాన్‌ఫ్రాన్సిస్కో చూపించడానికి తీసుకెళ్లారు. నడి వేసవిలో స్వెట్టర్ వేసుకోవాల్సి వచ్చింది! కేబుల్ కారు దిగిన చోట ఒక పెద్దాయన గిటార్ వాయిస్తూ పాడుతున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, నాకెందుకో మా విజయవాడ గుర్తొచ్చి కళ్లు తడిశాయి. "ఈ ఊరి మీద బెంగతో పాడే పాట అత్తయ్యా, హార్ట్ ఇక్కడే వదిలేశానని" అంది కోడలు. ఆ పాట ఎవరిది? వాళ్లది ఆ ఊరేనా? నేను రెండు నెలలకే వచ్చేశాను. అందరూ "అంత మంచి చోట ఉండలేకపోయావా" అంటున్నారు. నాది మరీ చిన్నపిల్లల బెంగా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ కోడలు చెప్పినదాన్ని బట్టి మీరు విన్నది 'ఐ లెఫ్ట్ మై హార్ట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో'. దానికి పేరు తెచ్చిన గాయకుడు టోనీ బెనెట్‌ది ఆ ఊరు కాదు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పుట్టి పెరిగారాయన. బెంగంతా రాసినవాళ్లది. డగ్లస్ క్రాస్ మాటలు రాస్తే జార్జ్ కోరీ బాణీ కట్టారు. ఇద్దరూ శాన్‌ఫ్రాన్సిస్కో వదిలి న్యూయార్క్ చేరినవాళ్లే. 1953లో అక్కడ ఉండగానే ఈ పాట పుట్టింది. అందుకే పాట మొదట్లో పారిస్, రోమ్ ఎంత గొప్పవైనా మనసుకు పట్టడం లేదంటూ, న్యూయార్క్‌లోని మాన్‌హటన్‌లో తాను ఒంటరినైపోయానని పాడేవాడు వాపోతాడు.

ఏళ్ల తరబడి ఆ పాటను పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. బెనెట్ దగ్గర పియానో వాయించే రాల్ఫ్ షారన్‌కు వాళ్లు ఇచ్చిన పాట కాగితాలు షారన్ చొక్కాల సొరుగులో ఉండిపోయాయి. ఓసారి కచేరీలకు బట్టలు సర్దుకుంటుంటే బయటపడ్డాయి. వెళ్లాల్సిన ఊళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కో కూడా ఉందని వెంట తీసుకెళ్లారు. 1961 డిసెంబరులో అక్కడి ఫెయిర్‌మాంట్ హోటల్‌లో బెనెట్ తొలిసారి కచేరీలో పాడారు. మరుసటి ఏడాది రికార్డు వచ్చినప్పుడు కూడా దీన్ని రెండో వైపు, అంతగా ఆశ పెట్టుకోని పాటగానే వేశారు. జనం మాత్రం ఆ రెండో వైపే తిప్పి తిప్పి విన్నారు. గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది, నగరం దాన్ని తన సొంత పాట చేసుకుంది. 2016లో, బెనెట్‌కు తొంభై ఏళ్లు నిండినప్పుడు, ఆ హోటల్ ముందే ఆయన విగ్రహం పెట్టారు. 2023 జులైలో, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు.

నాకు ఈ పాటలో అన్నిటికన్నా ఇష్టమైనది పొగమంచు. మీతో స్వెట్టర్ వేయించింది అదే. అక్కడ పసిఫిక్ నీళ్లు చాలా చల్లన. వేసవిలో లోపలి లోయ వేడెక్కగానే, సముద్రం మీది చల్లగాలీ పొగమంచూ గోల్డెన్ గేట్ అనే సముద్రపు సందులోంచి ఊళ్లోకి దూసుకొస్తాయి. ఊళ్లో ఉన్నవాళ్లకు అదొక విసుగు. ఊరు వదిలినవాడు మాత్రం పొద్దుటి మంచుకు వణికినా ఫర్వాలేదంటున్నాడు పాటలో.

నేను విశాఖవాణ్ణి. ముప్పై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా ఇంట్లో ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టేవి. ఏటా దీపావళికి ముందు నాన్నగారు గరుకు కాగితం చేతికిచ్చి రుద్దమనేవారు. వేళ్లు మండేవి, ఆ పని తలచుకుంటేనే ఏడుపొచ్చేది. ఇక్కడ మా కిటికీలకు పదేళ్లయినా మచ్చ పడలేదు. మొన్న పక్క ఫ్లాట్‌లో ఎవరో గేటుకు రంగు వేయిస్తూ గరగరా తుప్పు రుద్దుతుంటే, ఆ చప్పుడు ఆగేదాకా బాల్కనీలోంచి కదల్లేకపోయాను. బీచ్ ఫొటో చూస్తే నాకెప్పుడూ అలా కాలేదు.

కాబట్టి మీది చిన్నపిల్లల బెంగ కాదమ్మా. ఆ ఊరు మంచిది కాదనీ మీరు రాలేదు, అబ్బాయి మీద ప్రేమ లేకా రాలేదు. ఇందులో మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. మళ్లీ వెళ్లాలనిపిస్తే రెండు నెలలకే టికెట్ తీసుకుని వెళ్లి రండి.

ఒక్క పని చేయండి. ఈసారి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "మన ఊళ్లో నీకేం గుర్తొస్తుందిరా" అని మీ అబ్బాయిని అడగండి. కొండ మీద అమ్మవారి గుడి, ప్రకాశం బ్యారేజీ ముందు చెబుతాడు. మీరు ఫోన్ పెట్టేయకండి, ఇంకాస్త ఆగండి. ఏ సందు మలుపులోని పునుగుల బండో, కరెంటు పోయిన మే నెల రాత్రి డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకోవడమో, అప్పుడు చెబుతాడు.