చలికి ముందే వెదురు ముదరాలి

చిత్తూరు

చిట్టితల్లీ,

హిమాచల్‌లో, పాలంపూర్‌లో మీ ఇంటి వెనక చోటు ఫొటోలు చూశాను. అక్కడ లావు బొంగు వెదురు వెయ్యాలని నువ్వూ అల్లుడూ అనుకున్నందుకు చాలా సంతోషం. డెహ్రాడూన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ వేశాను, ఒక ఏడాది కొమ్ములన్నీ, అంటే నేల నుంచి లేచే లేత మొలకలన్నీ, చలికి పోగొట్టుకున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మన కొండల్లోని సాధనపు వెదురు విత్తనం పంపమన్నావు. వద్దమ్మా. అది శేషాచలం ఎండకు ఓర్చుకునే జాతి, బొంగు సన్నం. మీ దగ్గర మగ్గర్ అంటారే, శాస్త్రీయ నామం డెండ్రోకలామస్ హామిల్టోనై, అది హిమాలయాల దిగువన పుట్టి పెరిగిందే. అరవై అడుగులు పోతుంది. అదే వెయ్యి. దాని దుంప దూరం పాకదు, పక్కింటి వాళ్లతో గొడవ రాదు.

ఇప్పుడు అసలు సంగతి. పొదగా పెరిగే ఈ పెద్ద వెదుళ్లు వానల్లో, ఆ తర్వాతా కొమ్ములు వేస్తాయి. శ్రావణంలో లేచిన కొమ్ము చలి నాటికి కాస్త ముదురుతుంది. ఆశ్వయుజంలో లేచింది నీళ్లతో నిండి లేతగానే ఉంటుంది, మంచు పేరుకున్న రాత్రి ఉడికించినట్టు మెత్తబడిపోతుంది. నేను చేసిన తప్పు సెప్టెంబరులో యూరియా వెయ్యడం. మనిషెత్తు కొమ్ములు ముద్దుగా లేచాయి, జనవరికి ఒక్కటీ మిగల్లేదు. నువ్వు జులై దాటాక యూరియా లాంటి నత్రజని ఎరువుల జోలికి పోకు. పొయ్యి బూడిద ఉంటే గుప్పెడు చల్లు, చాలు.

నాటడానికి మనలా ఆషాఢం వానల కోసం చూడొద్దు. మంచు భయం తగ్గగానే, మార్చి ఆఖరులో పెట్టి, వానలొచ్చేదాకా నీళ్లు పోసుకో. అప్పుడే చలి నాటికి వేరు పట్టు దొరుకుతుంది. పల్లంలో పెట్టకు, చల్లగాలి రాత్రి కిందికి జారి అక్కడే నిలుస్తుంది. మీ ఇంటి దక్షిణపు గోడకు పది పదిహేను అడుగుల దూరంలో ఆ మెరక చోటు బాగుంది.

కార్తీకంలో మొదలు చుట్టూ జానెడు మందాన ఎండాకు పరుచు. మంచు పడేలా ఉన్న రోజు పగలే నేల తడుపు, తడి నేల వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. పైన ఆకు పోయినా దుంప బతికితే పొద బతికినట్టే. కాకపోతే ఆకు పోయిన ఏడాది దుంపకు తిండి తగ్గి, తర్వాతి కొమ్ములు సన్నబడతాయి. కొమ్ము ఎంత లావున లేస్తే బొంగు ఎప్పటికీ అంతే కదా. లావు బొంగుకు ఐదారేళ్లు ఓపిక పట్టాలి తల్లీ.

మాఘంలో పొదంతా మాడినట్టు కనిపిస్తే అల్లుణ్ణి కత్తి పట్టుకోనివ్వకు. వైశాఖం దాకా ఆగండి. గణుపు దగ్గర గోటితో గీకి చూడు, లోపల పచ్చగా ఉంటే వెంటనే నాకు ఫొటో పంపు.

మీ పెదనాన్న