ఇంజన్ కొనేముందు మీ బ్లాకును కొలిపించండి

ప్రశ్న: మా నాన్న ముచ్చటపడి కొన్న 2001 మోడల్ శాన్ స్టార్మ్ కారు మా ఇంట్లో ఉంది. పోయిన ఎండాకాలం హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామ దాటాక వేడెక్కి ఆగిపోయింది. అప్పటినుంచి నీలం పొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది. పాత హోండా సిటీ వీటెక్ ఇంజన్ వేస్తే 100 బీహెచ్‌పీ దాటుతుందని ఒక మెకానిక్ అంటున్నాడు. ఇంకొకాయన లోగన్ 1.4 పెట్రోల్ వేయమంటున్నాడు, మన బండి ఇంజన్‌లాగే అదీ రెనో కంపెనీదే కదా అని. ఏది వేయించాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరంలో రెండు ఇంజన్ల పేర్లున్నాయి కానీ మీ ఇంజన్‌ను ఎవరైనా విప్పి చూశారన్న మాట ఎక్కడా లేదు. మొదట చెప్పాల్సింది అదే. నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్ పనే చేశాను. మొత్తం పోయిందని తెచ్చిన ఇంజన్లలో చాలావాటికి బ్లాకు, అంటే సిలిండర్లుండే ప్రధాన దిమ్మె, బాగానే ఉండేది.

మీ స్టార్మ్ గోవాలో తయారైన బండి. ఫైబర్ బాడీ, రెండే సీట్లు, లోపల రెనో 1149 సీసీ ఇంజన్. 60 బీహెచ్‌పీ అంటే కాగితం మీద తక్కువే. కానీ తేలికైన బండి కాబట్టి ఆ బలానికే చురుగ్గా పరిగెత్తుతుంది. ముందు భాగంలో బరువు పెరిగితే ఆ చురుకు పోతుంది. ఒకసారి ఒక ప్రీమియర్ పద్మినికి డీజిల్ ఇంజన్ కావాలని ఓనరు పట్టుబడితే వేసిచ్చాను. కొన్ని నెలలకే ముందు స్ప్రింగులు కూర్చున్నాయి, స్టీరింగు బరువెక్కింది, మౌంటింగు దగ్గర పగులొచ్చింది. మళ్లీ పాత ఇంజనే ఎక్కించాం. ఆయన డబ్బులు రెండుసార్లు ఖర్చయ్యాయి. ఆ తప్పు నాది, అందుకే మీకింత గట్టిగా చెప్తున్నాను.

హోండా ఇంజన్ మంచిదే, నాకూ ఇష్టమే. కానీ ఆ కాలం సిటీ వీటెక్ ఇంజన్ తిరిగే దిక్కే వేరు. మామూలు ఇంజన్‌ను బెల్టు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది, ఇది అందుకు ఎదురు తిరుగుతుంది. మీ రెనో గేర్‌బాక్సుకు దాన్ని కడితే మొదటి గేరులో బండి వెనక్కి నడుస్తుంది. హోండా గేర్‌బాక్సే తెచ్చి పెడదామంటే అది కూర్చునేది అవతలి పక్క. అప్పుడు యాక్సిల్ షాఫ్టులు, గేరు రాడ్లు, మౌంటింగులు అన్నీ లేత్ మీద కొత్తగా చేయించుకోవాలి. దాని మీద ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగు. ఏడాది తరువాత దారిలో ఆగితే, చేసిన మనిషి తప్ప ఎవరూ చెయ్యి పెట్టలేరు.

లోగన్ మాట కొంత నయం. కానీ అది 1390 సీసీ, వేరే కుటుంబం ఇంజన్. రెనో అన్న పేరు కలిసినంత మాత్రాన మౌంటింగులు, సైలెన్సర్ పైపు, వైరింగు కలవవు. లాభం 15 బీహెచ్‌పీ.

కాబట్టి ముందు కంప్రెషన్ చూపించండి, అంటే ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో గేజి పెట్టి కొలిపించడం. ఇంజన్ వేడిగా ఉండగా నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోయి ఉంటే మధ్యలో హెడ్ గాస్కెట్ (బ్లాకుకూ పైనుండే హెడ్‌కూ మధ్య ఉండే పల్చటి సీలు) పోయిందని అనుమానించాలి. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె లేచిందంటే పిస్టను రింగులు, బోరు (సిలిండర్ లోపలి గొట్టం) అరిగాయి. లేవకపోతే వాల్వులు, లేదా గాస్కెట్. ఇంకో గుర్తుంది. కాసేపు ఐడ్లింగులో ఉంచి ఒక్కసారి రేస్ చేసినప్పుడే గుప్పున పొగ వస్తే ఎక్కువసార్లు వాల్వు సీళ్లే. అది చిన్న పని.

హెడ్ తప్పకుండా విప్పించండి. వేడెక్కి ఆగిన బండికి హెడ్ వంగే భయం ఉంటుంది. తిన్నని పట్టీ పెట్టి, సందును ఫీలర్ గేజితో కొలిచి, ఫేసింగ్ (అడుగుభాగం చదునుగా కోయడం) చేయించాలి. బోరు అరిగితే బోరింగ్, అంటే దాన్ని కాస్త పెద్దది చేసి కోయడం. కానీ పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకు మిషన్ మీద పెట్టనివ్వండి. ఈ మాట మరువకండి. మీ బోరు 69 మిల్లీమీటర్లు. సగం మిల్లీమీటరు పెంచి కోసేశాక ఆ సైజు పిస్టను దొరకకపోతే బ్లాకు ఊరికే పడి ఉంటుంది. ఓవర్‌సైజ్ పిస్టను దొరకనప్పుడు స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయించి స్టాండర్డ్ సైజుకు తెప్పించుకోవచ్చు.

బ్లాకు పగిలితేనే మార్చడం. అప్పుడు కూడా ఇదే 1149 సీసీ ఇంజన్ వెతకండి, ఆలస్యమైనా సరే. కొనేముందు ఆయిల్ మూత విప్పి చూడండి, లోపల పాల మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయని అనుమానించి వదిలేయండి. ఇంజన్‌తో పాటు ఈసీఎం, వైరింగు, తాళం చెవి ఒకే బండివి అడిగి తీసుకోండి. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేకుంటే ఇంజన్‌ను ఆపే ఏర్పాటు) ఉంటే విడివిడిగా తెచ్చినవి స్టార్టే కావు.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీ వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా రాకూడదు. ఒప్పుకోని మార్పు చేస్తే 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ బండికి 15 ఏళ్లు దాటాయి కాబట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకెళ్లాల్సిందే, అక్కడ ఇంజన్ నంబరు చూస్తారు. మీ బ్లాకునే బాగుచేయించుకుంటే ఆ నంబరు మారదు. అదే రకం ఇంజన్ వేసినా నంబరు మారుతుంది, కాబట్టి ముందే ఆర్టీఏ ఆఫీసులో అనుమతి అడగండి.

ఒక్క మాట మీరు అడగలేదు. అసలు బండి ఎందుకు వేడెక్కింది? రేడియేటర్ మూసుకుపోయిందా, ఫ్యాన్ తిరిగిందా, థర్మోస్టాట్ తెరుచుకుందా? అది తేలకుండా ఏ ఇంజన్ వేసినా మన వరంగల్ మే నెల ఎండకు మళ్లీ జనగామ దగ్గరే ఆగుతారు. పెట్రోలు పైపులు కూడా మార్పించండి. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరును అది పాడుచేస్తుంది.

నాలుగు సిలిండర్ల అంకెలూ, ఆయిల్ పోసి చూసినవీ వరుసగా రాసి పంపండి. హెడ్ విప్పాక గాస్కెట్ ఫొటో కూడా జతచేయండి. అది చూశాక బోరింగ్ దాకా వెళ్లాలో వద్దో చెప్తాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.