ఆస్తమా ఉన్న పాపకు పళ్ళు అరుగుతున్నాయి, ఇన్‌హేలర్ మానేయవచ్చా?

ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి. మీ ఆరేళ్ల పాపకు పై ముందుపళ్ళు పలచబడి పసుపు తేలాయని, చల్లనివి తాగితే జివ్వుమంటున్నాయని రాశారు. అరిగిన పంటిని కాపాడుకునే మార్గాలు చాలా ఉన్నాయి. ఆస్తమా అదుపు తప్పితే మాత్రం ప్రాణం మీదికే వస్తుంది. మందు మార్చాలన్నా, మోతాదు తగ్గించాలన్నా ఆ నిర్ణయం పిల్లల డాక్టరుదే.

మా అబ్బాయికీ చిన్నప్పటి నుంచి ఆస్తమా. ముందు నుంచి చూస్తే వాడి పళ్ళు బాగానే కనిపించేవి. పంటి డాక్టరు చిన్న అద్దం పెట్టి పై ముందుపళ్ళ వెనుక భాగం, అంటే అంగిలి వైపు చూపించారు. అక్కడ ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, నున్నగా కరిగిపోయి ఉంది. దవడ పళ్ళ మీద చిన్న చిన్న గుంటలు కూడా ఉన్నాయి. ఇది పిప్పి కాదని ఆమె విడమరచి చెప్పారు. పిప్పిలో బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఈ అరుగుదలకు కారణమైన ఆమ్లం తాగే పానీయాల నుంచో, పొట్టలో నుంచో నేరుగా వస్తుంది.

ఆస్తమాతో దీనికి సంబంధం ఎక్కువగా లాలాజలం దగ్గరే. ఆమ్లాన్ని కడిగేసి, పంటికి కాల్షియాన్ని, ఫాస్ఫేటును తిరిగి అందించేది అదే. ఆయాసం తగ్గించడానికి పీల్చే సాల్బుటమాల్ వంటి మందులు లాలాజలాన్ని తగ్గించగలవు. ముక్కు దిబ్బడతో నోటితో గాలి పీల్చే పిల్లలకు నోరు మరింత ఎండిపోతుంది. దాహమని మాటిమాటికీ పళ్లరసమో కోలానో తాగితే నష్టం రెట్టింపవుతుంది. పీహెచ్ అనేది ఆమ్ల గుణాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. అది సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది, కోలా పీహెచ్ దాదాపు 2.5. పొడి మందు ఇన్‌హేలర్లలో కొన్నింటికి ఆమ్ల గుణం ఉంటుంది. అయితే ఆస్తమా పిల్లలందరికీ పళ్ళు అరుగుతాయని భయపడకండి. అరుగుదల ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబితే, తేడా ఏమీ లేదని మరికొన్ని తేల్చాయి.

మా వాడి విషయంలో అసలు కారణం పొట్టలో ఉంది. పులితేన్పులు వస్తాయా, పొద్దున లేవగానే నోరు పుల్లగా ఉందంటాడా, పడుకున్నాక దగ్గుతాడా అని డాక్టరు అడిగారు. మూడింటికీ అవుననే చెప్పాం. ఆస్తమా ఉన్నవారిలో పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నడం తరచుగా కనిపిస్తుంది. రాత్రి దగ్గు ఆస్తమా లక్షణం కూడా కావడంతో దీన్ని పోల్చుకోవడం కష్టం. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, మింగడమూ తగ్గుతుంది, అందుకే పైకి వచ్చిన ఆమ్లం పళ్ళ మీదే నిలిచిపోతుంది. పిల్లల డాక్టరు దానికి చికిత్స మొదలుపెట్టారు, పంటి డాక్టరు ఎనామెల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత పూశారు. ఆమె అప్పుడు తీసిన ఫొటోలతో తరువాతివి పోల్చి చూస్తే అరుగుదల ముందుకు సాగలేదు. మీ పాపనూ ఆ మూడు ప్రశ్నలు అడిగి చూడండి, దయచేసి దీన్ని దాటవేయకండి.

ఇంట్లో మేం పాటించేవి పెద్ద కష్టమైనవేమీ కావు. స్ప్రే ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో, అంటే దానికి తగిలించే గొట్టంతో వాడితే మందు నోట్లో తక్కువగా మిగులుతుంది. పీల్చాక నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించాలి, స్టెరాయిడ్ మందులతో నోట్లో వచ్చే తెల్లపూత కూడా దీనివల్ల తగ్గుతుంది. పుల్లనిది తాగినా, వాంతి అయినా వెంటనే పళ్ళు తోమించకండి. మెత్తబడిన ఎనామెల్ బ్రష్షు రాపిడికి ఇంకా పోతుంది. నీళ్ళతో పుక్కిలించి కనీసం అరగంట ఆగాలి. రాత్రి మందు పీల్చడం, పుక్కిలించడం అయ్యాకే ఫ్లోరైడ్ పేస్టుతో తోమించి, ఆ తరువాత మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వం. ఆయాసం వచ్చిన క్షణంలో ఇవేవీ ఆలోచించకండి, ముందు మందు పీల్పించండి.

పాలపళ్ళే కదా, ఊడిపోతాయి అనేవాళ్ళ మాట వినకండి. ఆరేళ్ల ప్రాంతంలోనే శాశ్వత దవడ పళ్ళు వస్తాయి, కొత్తగా వచ్చిన పంటి ఎనామెల్ ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. కాబట్టి త్వరగా పంటి డాక్టరుకు చూపించండి. వాడుతున్న ఇన్‌హేలర్‌ను, సిరప్ సీసాలను వెంట తీసుకెళ్ళి, పై పళ్ళ వెనుక వైపు చూడమని మీరే అడగండి.